పడవ ప్రొపెల్లర్‌కు తొడుగు: ఒడ్డున ఒక లెక్క, నీటిలో మరో లెక్క

సంక్షిప్తంగా: ప్రొపెల్లర్ రెక్కల వల్ల గాయాలు కాకుండా వాడే సాధనాలు రెండు రకాలు. పడవ ఒడ్డున గానీ ట్రెయిలర్ మీద గానీ ఉన్నప్పుడు రెక్కలకు తొడిగే కవరు ఒకటి. పడవ నడుస్తున్నప్పుడు కూడా ప్రొపెల్లర్ చుట్టూ ఉండే గార్డు మరొకటి. కవరు చవక, సులువు, దాని మీద వివాదం లేదు. గార్డు నెమ్మదిగా నడిచే పడవల్లో బాగా పనిచేస్తుంది. వేగం పెరిగేకొద్దీ దాని ఉపయోగం తగ్గి, ఇబ్బంది పెరుగుతుంది. అన్ని పడవలకూ గార్డు తప్పనిసరి చేయాలన్న వాదన దశాబ్దాలుగా తేలకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

గది మూలన తిరిగే టేబుల్ ఫ్యానుకు కూడా జాలీ ఉంటుంది. అంతకంటే బరువైన, పదునైన పడవ ప్రొపెల్లర్ మాత్రం చాలా పడవల్లో ఏ అడ్డూ లేకుండా తిరుగుతుంది. ఈతకు దిగినవారికో, పడవలోంచి జారిపడినవారికో రెక్కలు తగిలి ప్రాణం పోయిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఇదే ప్రశ్న లేస్తుంది: దీనికీ ఒక జాలీ బిగించడానికి ఏమిటి కష్టం?

ప్రశ్న సబబైనదే. జవాబు మాత్రం పడవను బట్టి మారుతుంది. ఫ్యాను ఉన్నచోటే ఉండి గాలిని తోస్తుంది, ప్రొపెల్లర్ పడవతో పాటు ముందుకు దూసుకెళుతుంది. పైగా అది తిరిగే నీరు గాలికంటే సుమారు 800 రెట్లు చిక్కనిది. ఫ్యాను జాలీ వల్ల గాలి ఎంత తగ్గిందో ఎవరూ పట్టించుకోరు. అదే జాలీ నీటిలో ఇంజన్ శక్తిలో పెద్ద వాటాను మింగేయగలదు. దీనికి తోడు కవరు, గార్డు అనే రెండు వేర్వేరు సరుకులు దాదాపు ఒకే పేరుతో చెలామణి అవుతున్నాయి. కవరు కొని గార్డు కొన్నామనుకునేవారు, గార్డు ఉంది కాబట్టి ప్రొపెల్లర్ దగ్గర ఈదవచ్చనుకునేవారు కనిపించడానికి కారణం అదే.

## రెక్కకు అంత పదును ఎందుకు

ప్రొపెల్లర్ రెక్కను కత్తిలా కోయడానికి ఎవరూ తయారుచేయరు. నీటిని తక్కువ కష్టంతో చీల్చుకుంటూ తిరగాలంటే రెక్క ముందంచు పలచగా ఉండాలి. మందమైన రెక్క నీటిని ఎక్కువగా కలచివేస్తుంది, ఇంధనం వృథా అవుతుంది, వేగం తగ్గుతుంది. అంటే పదును అనేది సామర్థ్యంతో పాటు వచ్చే లక్షణం.

పడవ వెనుక బయట తగిలించే చిన్న ఔట్‌బోర్డ్ ఇంజన్లకు ఎక్కువగా అల్యూమినియం ప్రొపెల్లర్లు వస్తాయి. వేగం కోరుకునేవారు స్టెయిన్‌లెస్ స్టీలుకు మారతారు. ఉక్కుకు బలం ఎక్కువ కాబట్టి రెక్కను ఇంకా పలచగా చేయవచ్చు, ఆ మేరకు అంచు మరింత కోస్తుంది. లోతు తక్కువైన చోట్ల ఇసుకను రాసుకుంటూ తిరిగిన ప్రొపెల్లర్ అంచులు అరిగి బ్లేడులా తయారవుతాయి. రాయికి కొట్టుకున్న అల్యూమినియం రెక్క అంచున రంపపు పళ్లలాంటి గరుకులు లేస్తాయి. వాడిన ప్రొపెల్లర్ కొత్తదానికంటే తక్కువ ప్రమాదకరమన్న నమ్మకానికి ఆధారం లేదు.

మరో అపోహ కూడా ఉంది. ఔట్‌బోర్డ్ ప్రొపెల్లర్ల మధ్యలో రబ్బరు హబ్ ఉంటుంది, రెక్క గట్టిగా దేనికైనా తగిలితే అది జారి ప్రొపెల్లర్ ఆగిపోతుంది కదా, మనిషికి తగిలినా అలాగే ఆగుతుందని కొందరనుకుంటారు. ఆ హబ్‌ను పెట్టింది గేర్లు విరిగిపోకుండా కాపాడటానికి. బండరాయి ఇచ్చే ఎదురుదెబ్బకు అది జారుతుంది. మనిషి శరీరం ఆ స్థాయి ఎదురుదెబ్బ ఇవ్వలేదు కాబట్టి హబ్ జారదు, రెక్క తిరుగుతూనే ఉంటుంది.

## ఒడ్డున: ఆగి ఉన్న రెక్కకు కవరు

ట్రెయిలర్ మీద వెళ్లే పడవకు ఇంజన్‌ను పైకి ఎత్తి ఉంచుతారు. అలా ఎత్తినప్పుడు ప్రొపెల్లర్ పడవ వెనుక నుంచి బయటికి పొడుచుకొస్తుంది. పెద్దవాళ్లకు నడుము దగ్గరో ఛాతీ దగ్గరో ఉండే ఆ ఎత్తు పిల్లలకు సరిగ్గా ముఖం ఎత్తు. చీకట్లో ట్రెయిలర్ చుట్టూ నడిచేవారు, వెనుక ఆగిన మోటారు సైకిల్ మీదివారు, పార్కింగ్ స్థలంలో ఆడుకునే పిల్లలు దీనికి తగులుకునే అవకాశం ఉంది. ఇక్కడ ప్రమాదమంతా పదునుదే, కదలిక ప్రసక్తి లేదు. అందుకే పరిష్కారమూ సులువు: పదునును దేనితోనైనా కప్పేస్తే సరిపోతుంది.

పీవీసీ పూత వేసిన గుడ్డ, నియోప్రీన్, కాన్వాసు, పోతపోసిన గట్టి ప్లాస్టిక్ వంటి వాటితో ఈ కవర్లు చేస్తారు. మెత్తటి కవర్లు మడిచి పెట్టుకోవడానికి అనువుగా ఉంటాయి, కానీ రెక్క అంచు రాపిడికి లోపలి నుంచి చిరుగుతాయి. గట్టి ప్లాస్టిక్ డొప్పలు ఎక్కువకాలం వస్తాయి, ప్రొపెల్లర్ కొలతకు సరిపోకపోతే మాత్రం వదులై కొట్టుకుంటాయి. నారింజ, ఎరుపు, పసుపు రంగులు ఎక్కువగా కనిపించడానికి కారణం అలంకారం మీద మోజు కాదు. వెనుక వచ్చే వాహనానికి దూరం నుంచే కనబడాలి కాబట్టి చాలా వాటికి వెలుతురును తిప్పికొట్టే పట్టీ కూడా కుడతారు. వాహనం నుంచి బయటికి పొడుచుకొచ్చే భాగాలు ఇతరులకు ప్రమాదకరంగా ఉండకూడదన్న సాధారణ రోడ్డు నిబంధన చాలా దేశాల్లో ఉంది. ప్రొపెల్లర్ కవరు ప్రస్తావన నేరుగా లేకపోయినా, ఆ నిబంధనను పాటించడానికి అన్నిటికంటే తేలికైన దారి ఇదే.

కవరుతో వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. రోడ్డు మీద వేగంగా వెళుతున్నప్పుడు గాలికి కవరు ఉబ్బుతుంది. నాడా ఒక్కటే ఆధారమైతే ఊడి వెనుక వాహనం అద్దం మీద పడవచ్చు. అందుకే మెడ దగ్గర బిగించే నాడాతో పాటు ఇంజన్ కింది నిలువు భాగానికి కట్టే పట్టీ కూడా ఉండటం మేలు. ఉప్పునీటిలోంచి తీసిన ప్రొపెల్లర్‌ను కడగకుండా కవరులో బిగించేస్తే తడి లోపలే నిలిచి, స్టెయిన్‌లెస్ ప్రొపెల్లర్‌కూ గేర్లు ఉండే అల్యూమినియం పెట్టెకూ (గేర్‌కేస్) మధ్య తుప్పు పని మొదలవుతుంది. మంచినీటితో కడిగి, ఆరనిచ్చి, అడుగున నీరు కారే రంధ్రం ఉన్న కవరు తొడగడం సరైన పద్ధతి.

అన్నిటికంటే ఇబ్బందికరమైనది మరచిపోవడం. ఇంజన్‌కు గొట్టంతో నీరు పెట్టి ఒడ్డునే నడిపి చూసే అలవాటు చాలామందికి ఉంది. కవరు తీయకుండా గేరు పడితే గుడ్డ ఇరుసుకు చుట్టుకుంటుంది. అసలు ఒడ్డున ఇంజన్ నడపాలంటే ముందు ప్రొపెల్లర్ ఊడదీయమని తయారీదారుల మాన్యువల్స్ చెబుతాయి, చాలామంది ఆ పేజీ చదవరు. ప్రొపెల్లర్ మార్చేటప్పుడు కూడా ఇలాంటి జాగ్రత్తే అవసరం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, కిల్ స్విచ్ (ఇంజన్‌ను వెంటనే ఆపే స్విచ్) తీగ తీసేసి, రెక్కకూ దానికి పైన ఇంజన్‌కు ఉండే పలకకూ మధ్య చెక్క దిమ్మె ఇరికించి, చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకుని నట్టు విప్పాలి. చెక్క దిమ్మె బదులు చేత్తో రెక్కను పట్టుకుంటే నట్టు ఒక్కసారిగా వదులైనప్పుడు అరచేయి తెగుతుంది.

నీటిలోనే వారాల తరబడి కదలకుండా ఉండే పడవలకు కొందరు ప్రొపెల్లర్ చుట్టూ సంచి కట్టి ఉంచుతారు. వెలుతురు, తాజా నీరు అందకపోతే నాచు, గుల్లజీవులు పట్టుకోవన్నది అందులోని ఉపాయం. ఇది కూడా కవరే, గాయాల విషయంతో దీనికి సంబంధం లేదు. సంచి ఉన్న సంగతి గుర్తుండేలా ఇంజన్ తాళంచెవికి ఒక చీటీ కడితే చాలు.

## నీటిలో: గాయం ఎలా జరుగుతుంది

ప్రొపెల్లర్ తిరగడం మొదలుపెట్టాక లెక్క మారిపోతుంది. సుమారు 35 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మూడు రెక్కల ప్రొపెల్లర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. గేర్ల వల్ల ఇరుసు ఇంజన్ వేగంలో సగంతో తిరుగుతుందనుకుందాం. ఇంజన్ ఊరికే గేరులో ఉండి నిమిషానికి 700 చుట్లు తిరుగుతున్నప్పుడు ప్రొపెల్లర్ 350 చుట్లు తిరుగుతుంది. అప్పుడే రెక్క కొస వేగం గంటకు 23 కిలోమీటర్లు, సెకనుకు 17 దెబ్బలు. పడవ దాదాపు ఆగి ఉన్నట్టు కనిపించే స్థితి ఇది. నిచ్చెన పట్టుకుని పడవ ఎక్కే మనిషి కాలు తగిలే అవకాశం ఎక్కువగా ఉన్న స్థితీ ఇదే.

పడవ గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళుతూ, ప్రొపెల్లర్ నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతోందనుకుంటే కొస వేగం గంటకు 100 కిలోమీటర్లు. సెకనుకు 75 దెబ్బలు. ఒక మనిషి శరీరం పొడవునా ప్రొపెల్లర్ దాటిపోవడానికి పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో 18 కోతలు, ఒక్కోదానికీ మధ్య 9 సెంటీమీటర్ల ఎడం. ప్రొపెల్లర్ గాయాలు సమాంతరంగా, కొలిచి గీసినట్టు ఎందుకుంటాయో ఈ లెక్క చెబుతుంది. అరవడానికీ, చెయ్యి అడ్డం పెట్టడానికీ, నడిపేవాడు గమనించడానికీ ఆ వ్యవధి చాలదు.

ఇంకో రెండు అంశాలు ప్రమాదాన్ని పెంచుతాయి. ప్రొపెల్లర్ ముందువైపు నుంచి నీటిని లాక్కుంటుంది కాబట్టి దగ్గరలో తేలే వదులు బట్ట, తాడు, కొన్నిసార్లు మనిషి కాలు దాని వైపు ఈడ్చుకుపోతాయి. వెనక్కి నడిపేటప్పుడు ఆ లాగుడు పడవ వెనుక ఉన్నవారి వైపు తిరుగుతుంది. రెండోది, నడిపేవాడు పడవలోంచి పడిపోయినప్పుడు జరిగేది. స్టీరింగు పట్టుకునేవారు లేకపోతే ప్రొపెల్లర్ మెలిక బలానికి ఇంజన్ ఒక పక్కకు తిరిగిపోయి, పడవ గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. తిరిగి తిరిగి పడినవాడి మీదికే వస్తుంది. 2013 మే నెలలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరంలో ప్యాడ్‌స్టో దగ్గర ఇదే జరిగింది. వేగంగా వెళుతున్న రిబ్ పడవలోంచి (గట్టి అడుగు, గాలి నింపిన అంచులు ఉన్న పడవ) ఒకే కుటుంబంలోని ఆరుగురూ నీటిలో పడ్డారు. నడిపేవారు ఒంటికి తగిలించుకోవాల్సిన కిల్ కార్డ్, అంటే పడిపోతే ఊడి ఇంజన్‌ను ఆపే తీగ, తగిలించలేదు. ఖాళీ పడవ తిరుగుతూ వారి మీదుగానే వెళ్లింది. ఇద్దరు మరణించారు.

## గార్డుల్లో తేడాలు

మార్కెట్లో ఉన్న గార్డులను వాటి ఆకారాన్ని బట్టి చూస్తే వాటి పరిమితులు వాటంతటవే తెలుస్తాయి. అన్నిటికంటే సాదా రకం ప్రొపెల్లర్ చుట్టూ ఉండే ఉంగరం. పక్క నుంచి వచ్చే కాలునో చేతినో ఇది ఆపుతుంది, తాడు చుట్టుకోకుండా కొంత కాపాడుతుంది, రాతి దెబ్బ నుంచి రెక్కను రక్షిస్తుంది. ముందూ వెనుకా తెరిచే ఉంటుంది కాబట్టి పడవ మనిషి మీదికి వచ్చేటప్పుడు గానీ, వెనక్కి నడిచేటప్పుడు గానీ పెద్దగా అడ్డుపడదు.

రెండో రకం పంజరం. ఉంగరానికి ముందూ వెనుకా కడ్డీలో, ఒకదానిలో ఒకటి ఇమిడే వలయాలో బిగిస్తారు. ఇక్కడ ఒక విరుద్ధత ఉంది. కడ్డీల మధ్య సందు ఎక్కువైతే చెయ్యి దూరుతుంది. తక్కువైతే నీరు దూరదు. దూరిన చెయ్యి కడ్డీకీ రెక్కకూ మధ్య చిక్కుకుంటే, అడ్డులేని ప్రొపెల్లర్ కంటే పరిస్థితి విషమిస్తుంది. ఏ తయారీదారైనా ఈ రెంటి మధ్య రాజీ కుదుర్చుకోవలసిందే. ఆ రాజీ ఏ వేగానికి కుదిరిందన్నది కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న. అట్టపెట్టె మీద అది అరుదుగా రాసి ఉంటుంది.

ఉంగరం గురించి ఒక సాంకేతిక వివరం చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రకటనల్లో దీన్ని తరచుగా కలగాపులగం చేస్తారు. 1930లలో జర్మన్ ఇంజనీరు లుడ్విగ్ కోర్ట్ రూపొందించిన నాజిల్ కూడా ప్రొపెల్లర్ చుట్టూ ఉండే ఉంగరమే. దాని అడ్డుకోత విమానం రెక్క ఆకారంలో ఉంటుంది. రెక్క కొసకూ ఉంగరానికీ మధ్య చాలా కొద్ది ఎడమే ఉంటుంది. నెమ్మదిగా బరువు లాగే పనిలో అది తోపుడు శక్తిని గణనీయంగా పెంచుతుంది. అందుకే టగ్ పడవలు, వల లాగే ట్రాలర్లు దాన్ని వాడతాయి. వేగం పెరిగితే అదే నాజిల్ అడ్డంకి అవుతుంది. గుండ్రంగా వంచిన బల్లపరుపు పట్టీకి ఈ గుణం రాదు. తమ గార్డు బిగిస్తే ఇంజన్ శక్తి పెరుగుతుందని చెప్పే ప్రకటన కనిపిస్తే ఆ ఉంగరం అడ్డుకోత ఎలా ఉందో, కొస దగ్గర ఎడం ఎంతో చూడటం మంచిది.

## వేగం దగ్గర వచ్చే పేచీ

నీటి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ నిరోధాన్ని అధిగమించడానికి కావాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. ఒక పంజరం గార్డు కడ్డీలన్నీ కలిపి నీటికి 300 చదరపు సెంటీమీటర్ల అడ్డం పెడుతున్నాయనుకుందాం. పడవ 5 నాట్లతో వెళుతుంటే, అంటే గంటకు 9 కిలోమీటర్లకు కాస్త పైన, ఆ గార్డు మీద నిరోధం సుమారు 100 న్యూటన్లు. దానికి ఖర్చయ్యే శక్తి పావు కిలోవాట్. నడిపేవారికి తేడా తెలియదు.

అదే గార్డుతో 30 నాట్లు వెళ్లాలంటే నిరోధం 36 రెట్లు, శక్తి 216 రెట్లు. గార్డును ఈడ్వడానికే 50 కిలోవాట్లకు పైన, అంటే సుమారు 70 హార్స్‌పవర్ కావాలి. ఇది స్థూలమైన లెక్క. కడ్డీల ఆకారం, ఒకదాని వెనుక ఒకటి దాగే అమరిక బట్టి అసలు అంకె తగ్గవచ్చు. దిశ మాత్రం మారదు. అసలు ఆ ఇంజనే 70 హార్స్‌పవర్‌ది అయితే పడవ ఎప్పటికీ 30 నాట్లు చేరుకోదు.

నిరోధంతోనే అయిపోదు. గార్డు పడవ చిట్టచివర వేలాడే అదనపు చుక్కానిలా పనిచేస్తుంది. మలుపు తిప్పేటప్పుడు నీరు దాన్ని ఒక పక్కకు తోస్తుంది, స్టీరింగు బరువెక్కుతుంది, ఎక్కువ వేగంలో పడవ ఊహించని వైపు లాగవచ్చు. కడ్డీల వెనుక కలత చెందిన నీరు ప్రొపెల్లర్‌కు చేరితే రెక్కల మీద బుడగలు పుట్టి పట్టు తగ్గుతుంది. నాచు, ప్లాస్టిక్ సంచులు, వల ముక్కలు పంజరంలో చిక్కుకుంటాయి. ఇంజన్‌ను చల్లబరిచే నీరు లోపలికి వెళ్లే రంధ్రాలు కూడా అదే ప్రాంతంలో ఉంటాయి కాబట్టి అవి మూసుకుపోతే ఇంజన్ వేడెక్కుతుంది. ఆ చెత్త తీయడానికి మళ్లీ ఎవరో ఒకరు ప్రొపెల్లర్ దగ్గర చెయ్యి పెట్టాలి.

ఇవన్నీ అసౌకర్యాలని, ప్రాణం ముందు లెక్కలోవి కావని అనవచ్చు. ఆ వాదనలో బలం ఉంది. దానికి ఎదురయ్యే గట్టి అభ్యంతరం వేరే ఉంది: గార్డు కోతను ఆపుతుంది, దెబ్బను ఆపదు. వేగంగా వచ్చే పడవ మనిషిని ఢీకొంటే ముందు తగిలేది పడవ అడుగు, ఆ తర్వాత ఇంజన్ కింది భాగం, దాని కింద స్కెగ్ అనే లోహపు రెక్క. గార్డు బిగిస్తే ఆ లోహపు ముద్ద వెడల్పు పెరుగుతుంది. రెక్కకు అంగుళం పక్కగా తప్పించుకోగలిగిన తల గార్డుకు తగలవచ్చు. గంటకు 30 కిలోమీటర్ల దెబ్బలో ఉండే శక్తి 15 కిలోమీటర్ల దెబ్బలో ఉన్నదానికి నాలుగింతలు. తల మీద ఆ దెబ్బ పడితే చర్మం తెగకపోయినా ప్రాణం పోతుంది. తక్కువ వేగంలో మాత్రం ఈ అభ్యంతరం నీరుగారిపోతుంది. గంటకు 8 కిలోమీటర్ల వేగంలో గార్డు తగిలితే వాపు వస్తుంది, రెక్క తగిలితే కాలు పోతుంది.

ఫ్లోరిడా తీరంలోని మానటీలు, అంటే సముద్రపు ఆవులు, ఈ తేడాను వేరేలా చూపిస్తాయి. వాటి వీపు మీది ప్రొపెల్లర్ మచ్చల తీరు చూసే పరిశోధకులు ఒక్కో జంతువునూ గుర్తుపడతారు. మచ్చలున్నాయంటే ఆ కోతల నుంచి బతికి బయటపడ్డాయనే. పడవలు తగిలి చనిపోయిన మానటీల్లో పైకి పెద్ద కోతలు లేకుండా, లోపల ఎముకలు విరిగి, ఊపిరితిత్తులు దెబ్బతిని పోయినవి చాలా ఉన్నాయి. అక్కడి ప్రభుత్వం ప్రధానంగా నెమ్మదిగా నడపాల్సిన మండలాలను గుర్తించడం మీద ఆధారపడటానికి ఈ సంగతి కూడా నేపథ్యం. మనుషుల విషయంలో చర్చ ఇంత సూటిగా వేగం మీదికి రాలేదన్నది గమనించదగ్గది.

## చట్టం ఎటు నడిచింది

ఈ వివాదం ఎక్కువగా నలిగింది అమెరికాలో. అక్కడి కోస్ట్‌గార్డ్‌కు సలహాలిచ్చే జాతీయ పడవ భద్రతా సలహా మండలి ఒక ఉపసంఘంతో గార్డుల విషయాన్ని పరిశీలింపజేసి, 1989లో గార్డులను తప్పనిసరి చేయవద్దని సిఫారసు చేసింది. అన్ని పడవలకూ సరిపోయే ఒకే గార్డు లేదన్నది, మొద్దు దెబ్బల ప్రమాదం పెరుగుతుందన్నది అందులోని ముఖ్య వాదనలు. 1990లో కోస్ట్‌గార్డ్ ఆ సిఫారసును ఆమోదించింది.

ఇంజన్ తయారీ కంపెనీలు ఈ నిర్ణయాన్ని కోర్టుల్లో కవచంగా వాడుకున్నాయి. కేంద్ర సంస్థ గార్డు అక్కర్లేదని తేల్చింది కాబట్టి గార్డు లేదన్న కారణంతో రాష్ట్రాల కోర్టుల్లో నష్టపరిహారం దావాలు చెల్లవన్నది వాటి వాదన. పడవలోంచి పడి ప్రొపెల్లర్ తగిలి మరణించిన ఒక మహిళ కుటుంబం వేసిన కేసులో 2002 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు ఈ వాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. ఒక నిబంధన తీసుకురాకూడదని సంస్థ నిర్ణయించుకున్నంత మాత్రాన, ఆ విషయంలో ఎవరూ దావా వేయకూడదని శాసించినట్టు కాదని తేల్చింది. గార్డులు మంచివా చెడ్డవా అన్న ప్రశ్న జోలికి కోర్టు పోలేదు. తీర్పును గార్డులకు అనుకూలంగా వచ్చినదిగా ఉటంకించేవారు ఈ తేడాను దాటేస్తుంటారు.

ఈలోగా 2001లో కోస్ట్‌గార్డ్ ఒక చిన్న వర్గానికి పరిమితమైన నిబంధనను ప్రతిపాదించింది. అద్దెకిచ్చే, నెమ్మదిగా నడిచే హౌస్‌బోట్లకు గార్డు బిగించాలి, లేదా మూడు ప్రత్యామ్నాయ ఏర్పాట్లు కలిపి చేయాలి: ఈత నిచ్చెన దించితే ఇంజన్ ఆగిపోయే లంకె, వెనుక ఎవరున్నారో నడిపేవారికి కనిపించే సాధనం, అత్యవసరంగా ఇంజన్ ఆపే స్విచ్. సాంకేతికంగా చూస్తే ఇది ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే తెలివైన ప్రతిపాదన. హౌస్‌బోట్ల వేగం తక్కువ, అద్దెకు తీసుకునేవారికి అనుభవం తక్కువ, ఈతకు దిగే చోటు సరిగ్గా ప్రొపెల్లర్ పక్కనే. గార్డు మీది అభ్యంతరాలు అన్నిటికంటే తక్కువగా వర్తించే పడవలు ఇవే. 2007లో ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు.

చివరికి చట్టం పట్టింది గార్డు దారి కాదు, స్విచ్ దారి. 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు పొడవున్న, 3 హార్స్‌పవర్ లేదా అంతకు మించిన ఇంజన్ ఉన్న చాలా పడవల్లో, వేగం పుంజుకున్నాక నడిపేవారు కిల్ స్విచ్ తగిలించుకోవడం అమెరికాలో తప్పనిసరి అయింది. యూరోపియన్ యూనియన్ 2013 నాటి వినోద పడవల ఆదేశం కూడా టిల్లర్ కర్రతో (చేత్తో పట్టి తిప్పే పిడి) నడిపే ఔట్‌బోర్డ్ ఇంజన్లకు నడిపేవారికి తగిలించగల అత్యవసర ఆపుడు సాధనం ఉండాలంటుంది. పడవలోంచి పడినవారు సాయం లేకుండా మళ్లీ ఎక్కగలిగే ఏర్పాటునూ కోరుతుంది.

## గార్డు కాకుండా ఇంకేమున్నాయి

కిల్ స్విచ్ ఖర్చు గార్డుతో పోలిస్తే ఏమీ కాదు, పడవ వేగానికీ అడ్డు రాదు. నడిపేవారు నీటిలో పడితే తీగ ఊడి ఇంజన్ ఆగుతుంది. తీగ లేని రకాలు కూడా వచ్చాయి. దాని లోటు స్పష్టమే: నడిపేవారు సీట్లోనే ఉండి, ముందు కూర్చున్న ప్రయాణికుడు జారిపడితే అది తనంత తాను ఏమీ చేయదు. ఈదుతున్నవారి మీదికి పడవ వెళ్లినా అంతే.

జెట్ డ్రైవ్‌లో బయటికి కనిపించే ప్రొపెల్లరే ఉండదు. 1950లలో న్యూజిలాండ్‌కు చెందిన విలియం హామిల్టన్ లోతులేని నదుల కోసం దీన్ని వాడుకలోకి తెచ్చాడు. తిరిగే భాగమంతా పడవ లోపలి గొట్టంలో ఉంటుంది. ఇక్కడా వదులుకోవాల్సినవి ఉన్నాయి. చాలా జెట్ పడవల్లో థ్రాటిల్ (వేగం పెంచే మీట) వదిలేస్తే స్టీరింగు పనిచేయడం తగ్గిపోతుంది కాబట్టి, భయంతో చెయ్యి తీసేసిన కొత్తవాడు సూటిగా వెళ్లి గుద్దుకోవచ్చు. జెట్ స్కీ మీది నుంచి వెనక్కి పడినవారికి నీటి ధార వల్ల శరీరం లోపలి భాగాలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. వెట్‌సూట్ (ఒంటికి బిగుతుగా ఉండే మందపాటి నీటి దుస్తులు) కింది భాగమైనా వేసుకోమని వాటి మీద హెచ్చరిక అంటించేది అందుకే.

ప్రొపెల్లర్‌ను మనుషులకు దూరంగా జరపడం మరో దారి. ఇంజన్ లోపలే ఉండే ఇన్‌బోర్డ్ పడవల్లో ప్రొపెల్లర్ పడవ అడుగున, వెనుక ఈతకు దిగే పలకకు బాగా ముందు ఉంటుంది. 2015 ప్రాంతంలో పడవ ఇంజన్ల కంపెనీ వోల్వో పెంటా తెచ్చిన ఫార్వర్డ్ డ్రైవ్ అనే అమరికలో ప్రొపెల్లర్లు పడవ కిందుగా ముందువైపు తిరిగి ఉంటాయి. పడవ వెనుక అలల మీద ఆడేవారికి ఇది సురక్షితమని చెప్పడంలో న్యాయం ఉంది. ముందు నుంచి మీదికి వచ్చే పడవ విషయంలో మాత్రం దీనివల్ల లాభం లేదు.

వీటన్నిటికంటే ఎక్కువ ప్రచారం అవసరమైనది ఒక అలవాటు: ఎవరైనా ఎక్కుతున్నా దిగుతున్నా ఇంజన్ పూర్తిగా ఆపేయడం. న్యూట్రల్‌లో పెడితే చాలదు. గేర్‌బాక్స్‌లోని ఈడ్పు వల్ల న్యూట్రల్‌లోనూ కొన్ని ప్రొపెల్లర్లు మెల్లగా తిరుగుతూనే ఉంటాయి, మోచెయ్యి తగిలి గేరు పడటమూ అరుదైన సంగతేమీ కాదు.

## ఏ పడవకు ఏది

ఇప్పుడున్న ఆచరణను గమనిస్తే, గార్డులు తమ చోటును తామే వెతుక్కున్నట్టు కనిపిస్తుంది. ఆస్ట్రేలియా బీచ్‌లలో సర్ఫ్ లైఫ్‌సేవర్లు వాడే గాలి నింపిన రెస్క్యూ పడవలకు గార్డులు ఉంటాయి. ఆ పడవ పనే నీటిలో మునుగుతున్న మనిషి పక్కకు వెళ్లడం కాబట్టి అక్కడ వాదనకు తావు లేదు. తెరచాప పడవల శిక్షణలో పిల్లలను కనిపెట్టి ఉండే భద్రతా పడవలు, తెడ్డు పందేల శిక్షకుల పడవలు, డైవర్లను దించే చిన్న పడవలు, అద్దె హౌస్‌బోట్లు ఇదే కోవకు వస్తాయి. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నవి రెండు: నీటిలో మనుషులు ఉంటారని ముందే తెలుసు, పని ఎక్కువ భాగం 10 నాట్ల లోపే జరుగుతుంది. దూరాలు వేగంగా దాటే స్పీడ్ బోటుకు ఈ రెండూ వర్తించవు. అక్కడ కిల్ స్విచ్, చుట్టూ గమనించే మరో మనిషి, ఈతగాళ్లు ఉండే చోట వేగ పరిమితి ఎక్కువ పనిచేస్తాయి. చేపల వేట పడవల్లో గార్డు వాడకం ప్రధానంగా వల, తాడు చుట్టుకోకుండా చూసుకోవడానికే. దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో కొందరు ఇరుసు మీద తాడు కోసే పదునైన కట్టర్లు బిగిస్తారు. అలాంటి పడవ కిందికి దిగే డైవర్‌కు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి.

విద్యుత్ ఔట్‌బోర్డ్‌ల రాకతో ఈ చిత్రం కొంత మారవచ్చు. వాటిలో చాలావరకు నెమ్మదిగా నడిచే చిన్న పడవలకే వాడుతున్నారు, అంటే గార్డు అడ్డంకి కాని వేగాల్లోనే. మోటారు ఆపడం, ఆపి ఉంచడం సాఫ్ట్‌వేర్‌తో సులువు కాబట్టి నిచ్చెనకో, వెనుక కెమెరాకో లంకె పెట్టడం పెట్రోలు ఇంజన్ కంటే తేలిక. మరోవైపు అవి దాదాపు చప్పుడు చేయవు. పెట్రోలు ఇంజన్ గేరులో ఉంటే ఈదేవారికి శబ్దమో పొగో తెలుస్తుంది. విద్యుత్ మోటారు ఆగి ఉందో, ఒక్క మీట దూరంలో సిద్ధంగా ఉందో బయట నుంచి తెలియదు. 2021 నాటి అమెరికా నియమం విద్యుత్ మోటార్లకూ వర్తిస్తుంది. అక్కడ 3 హార్స్‌పవర్‌కు సమానంగా 115 పౌండ్ల తోపుడు శక్తిని గీతగా తీసుకున్నారు. పడవను మెల్లగా నడిపే చిన్న విద్యుత్ మోటార్లలో (ట్రోలింగ్ మోటార్లు) చాలావరకు ఆ గీతకు దిగువనే ఉంటాయి. వాటికి కిల్ స్విచ్ నియమం కూడా వర్తించదు కాబట్టి, అక్కడ గార్డు పెట్టాలా వద్దా అన్నది పడవ యజమాని నిర్ణయానికే మిగిలింది.